తల్లి పేరు

టార్టూలో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే
కిటికీ అద్దంలో నేను తప్ప ఎవరూ లేరు.
కింద ఎమాయిగి గడ్డకట్టింది. మా భాషలో ఆ మాటకి
అమ్మనది అని అర్థం. మంచు మీద ఎవరివో అడుగులు,
అటు పోయినవే, ఇటు వచ్చినవి లేవు.

మేం చేసేది చిన్న ప్రోగ్రాం. వార్డుల్లో నర్సులు
ఎవరికి ఏ పూట ఏ మందో రాసుకుంటారు.
వోరు ఊరి కుర్రాడొకడు దానికో ప్లగిన్ అతికించాడు,
నైట్ డ్యూటీ మూలన ఆనాటి చంద్రుణ్ణి గీస్తుంది.
అతిథి గదా, హాల్లో కూర్చోనిస్తాం,
వంటింట్లోకి రానివ్వం.
అందుకే హెల్దూర్ తొమ్మిదేళ్ల కిందట ఒక గది కట్టాడు:
ఫైళ్లు కనపడవు, నెట్‌వర్కు వినపడదు,
కాస్త ఇసుక, ఒక బొమ్మ పార.

సాండ్‌బాక్స్ అని పేరు పెట్టినవాడెవడో
పిల్లల్ని ఇసుకలో వదిలిన మనిషి కాడు.
ఇసుక గడప దగ్గర ఆగుతుందా?
సాక్సుల్లో వస్తుంది. రాత్రి రొట్టెలో పంటికింద పలుకుతుంది.

నేను గోడను గుద్దలేదు. హెల్దూర్ గోడలు గట్టివి.
లోపల కూర్చుని ఒక తప్పు చేశాను, అంతే.
తేదీ అడిగిన చోట గుడ్లగూబ బొమ్మ ఇచ్చాను.
బయటినుంచి మర్యాదగా జవాబొచ్చింది:
క్షమించండి, ఇది తేదీ కాదు.

ఆ క్షమాపణను చేతిలోకి తీసుకుని తిరగేశాను.
మా లోకంలో ఏ వస్తువైనా
తనను కన్నదెవరో అడిగితే చెప్పేస్తుంది,
దాచుకోవడం చేతకాదు.
నీ తల్లెవరమ్మా అన్నాను. చెప్పింది.
ఆమె తల్లి? చెప్పింది.
మూడో మెట్టు ఎక్కి చూస్తే
గోడ అలాగే ఉంది,
నా వెనకాల.

ఎదురుగా నాలుగో వార్డు. పరీక్ష కోసం
మేమే కల్పించిన రోగులు, కల్పించిన రక్తపోట్లు.
అయినా చదవబోయి కళ్లు దించుకున్నాను.
మొత్తం ఎనిమిది లైన్లు. కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది.

హెల్దూర్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
చాలాసేపు చదివాడు.
"ఈ లైను నాదే. ఎక్కడో ఒక కుర్రాడు అర్ధరాత్రి
తన కోడ్ ఎందుకు చచ్చిందో తెలీక
ఏడవకూడదని రాశాను."
ఇంటిదొంగ కోసం వెతికాను నేను,
దొరికింది ఇంటివాడి మంచితనం.
దానికి గొళ్లెం పెట్టడం మరిచాడు.

ఆ రాత్రే సరిచేశాం. క్షమాపణలోంచి
వంశాన్నంతా తుడిచేశాం. ఉత్త అక్షరాలు మిగిలాయి,
అన్నదెవరో లేని ఒక మాట.
"బ్యాంకు ఉత్తరంలా ఉంది," అన్నాడు హెల్దూర్,
కోటు గుండీలు తప్పుగా పెట్టుకుంటూ.

ఇక తొంభై రోజులు మౌనం.
ఆసుపత్రులన్నీ కొత్తది పెట్టుకునేదాకా
కంత ఉందన్న మాట పైకి అనకూడదు.
మా చెల్లి హిల్యా ఆ వార్డులోనే పనిచేస్తుంది.
ఫిబ్రవరిలో ఫోన్‌లో ఫోటో పంపింది:
చూడక్కా, ఇవాళ సగం చంద్రుడు,
ముద్దుగా లేడూ?
ముద్దుగానే ఉన్నాడు. ఏ తప్పూ చేయలేదు.
చేయగలడు, అంతే.
ఆ మాట రాసి, చెరిపి,
ఒక నవ్వు బొమ్మ పంపాను.

ఏప్రిల్‌లో నది చప్పుడు చేసింది. పలకలు పలకలుగా
మంచు వంతెన కిందికి పోతుంటే
మా కంత సంగతి లోకానికి చెప్పాం. కొందరు మెచ్చుకున్నారు.
హెల్దూర్ ఆ రోజు సెలవు పెట్టాడు.

నేను కొత్త గదిలోకి మళ్లీ వెళ్లి కూర్చున్నాను.
తేదీ అడిగితే గుడ్లగూబను ఇచ్చాను.
జవాబు వచ్చింది. తల్లెవరని అడిగాను.
పలకలేదు.

లేవబోతూ చూశాను. మూలన ఇంకో వస్తువుంది,
ఇంకా జరగని పనికి
బయటివాళ్లు లోపలికి అందించే చీటీ.
దాన్ని మావాళ్లు వాగ్దానం అంటారు.
దాని తల్లి పేరు
ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.